ఫౌజీకి గేటు దగ్గర కుర్చీయేనా?

సైన్యంలో పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో చేసి ఇంటికొచ్చిన మనిషి ఇక ఏం చేయాలన్న ప్రశ్నకు మన దగ్గర జవాబు ఎప్పుడో ఖాయమైపోయింది. అపార్ట్‌మెంటు గేటు దగ్గర, బ్యాంకు గుమ్మం దగ్గర, ఏటీఎం పక్కన ఆయనకో కుర్చీ వేస్తారు. ఆగస్టు 15న, జనవరి 26న బడి వేదిక మీద ఇంకో కుర్చీ వేసి, శాలువా కప్పి, పిల్లలకు దేశభక్తి గురించి నాలుగు ముక్కలు చెప్పమంటారు. హైదరాబాద్ పాతబస్తీలో ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట, బార్కాస్ వైపు ఏ బస్తీలో కదిపినా ఇదే మాట. ఫోన్లో యాప్ తయారుచేసే పని గురించి ఎత్తితే మాత్రం, "ఫౌజీకి అదెట్ల వస్తది భాయ్, అది పిల్లల పని" అని తేల్చేస్తారు.

ఈ అభిప్రాయం తప్పు. పైగా బతుకులను పాడుచేసే తప్పు. కాపలా పని చిన్నదని నేను అనడం లేదు. ఆ పని చేసే ప్రతి మనిషికీ నా నమస్కారం. ఇరవై రకాల పనులు చేయగలిగిన మనిషికి ఒకే తలుపు తెరిచి ఉంచి, మిగిలినవి మూసేయడాన్నే నేను ఖండిస్తున్నాను.

ముందు ఆ గేటు దగ్గరే నిలబడి చూద్దాం. డెలివరీ కుర్రాడు బండి ఆపుతాడు. కాపలా మనిషి చేతిలోని ఫోన్లో పేరు, ఫ్లాట్ నంబరు కొడతాడు. పైన ఇంట్లో ఉన్నావిడ ఫోన్ మోగుతుంది. ఆవిడ సరేనంటే కుర్రాడు లోపలికి వెళ్తాడు, వచ్చిన వేళ నమోదవుతుంది. ఇలాంటి యాప్‌లలో బాగా పేరున్నది మైగేట్. 2016లో బెంగళూరులో దాన్ని మొదలుపెట్టిన ముగ్గురిలో ఒకరు విజయ్ అరిశెట్టి. ఆయన భారత వైమానిక దళంలో హెలికాప్టర్ పైలట్‌గా చేశారు. 2004 డిసెంబర్ 26 నాటి సునామీలో జనాన్ని కాపాడినందుకు శౌర్యచక్ర అందుకున్నారు. దళం నుంచి బయటికొచ్చాక ఐఎస్‌బీ బిజినెస్ స్కూల్లో చదివారు, గోల్డ్‌మన్ శాక్స్‌లో పనిచేశారు, ఆ తర్వాత అభిషేక్ కుమార్, శ్రేయాన్స్ దాగాలతో కలిసి ఈ సంస్థ పెట్టారు. 2019లో టెన్సెంట్, టైగర్ గ్లోబల్ లాంటి పెట్టుబడిదారులు అందులో 5.6 కోట్ల డాలర్లు పెట్టారు. మాజీ సైనికుడి చోటు గేటు దగ్గరేనని మనం అనుకుంటున్నాం. ఆ గేటును నడిపే సాఫ్ట్‌వేరును నిలబెట్టిన మనిషి మాజీ సైనికుడు.

ఎవరు వచ్చారు, ఎవరిని చూడటానికి, ఎవరు అనుమతించారు, ఎప్పుడు వెళ్లారు: కంటోన్మెంటు గార్డ్‌రూమ్‌లో సంత్రీ డ్యూటీ చేసిన ఎవరికైనా ఈ నాలుగు ప్రశ్నలూ కంఠతా వచ్చు. సాఫ్ట్‌వేరులో కోడ్ రాయడం సగం పనే. ఎవరికి ఏ ఇబ్బంది ఉందో, ఆ ఇబ్బంది ఏ వరసలో నడుస్తుందో తెలియడం మిగతా సగం. ఆ రెండో సగం కాలేజీ బెంచీ మీద దొరకదు.

దీనికి అవతలి వాళ్ల దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఆయన ఆఫీసరు, పెద్ద చదువు చదివాడు. మా బస్తీ హవల్దారు సంగతేంటి?" న్యాయమైన ప్రశ్న. సమాధానం కోసం దూరం పోనక్కర్లేదు. ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కి సికింద్రాబాద్‌లో దిగితే చాలు. అక్కడ సైన్యంలో ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల దళమైన ఈఎంఈ సైనిక కళాశాల ఉంది, ఒకటో ఈఎంఈ సెంటర్ ఉంది. రాడార్, వైర్‌లెస్ సెట్టు, ట్యాంకులోని ఎలక్ట్రానిక్స్ బాగుచేసే చేతులు అక్కడ తయారవుతాయి. సిగ్నల్స్ దళంలో జవాను మంచుకొండ మీద లైను నిలబెడతాడు. సెట్టు పలక్కపోతే ముందు కరెంటు వస్తోందా చూస్తాడు, తర్వాత ఏ భాగం వరకు సంకేతం అందుతోందో చూస్తాడు, సగానికి సగం తగ్గించుకుంటూ తప్పు ఉన్నచోటికి చేరతాడు. యాప్ ఆగిపోయినప్పుడు ప్రోగ్రామరు చేసేదీ ఇదే. పనిముట్లు మారతాయి, వెతికే పద్ధతి మారదు.

సైన్యం లోపలే మొబైల్ సాఫ్ట్‌వేరు పుడుతోందన్న సంగతి కూడా చాలామందికి పట్టదు. 2020 అక్టోబర్ 29న రక్షణ శాఖ 'సాయ్' అనే యాప్‌ను ప్రకటించింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో మాట, రాత, వీడియో మూడింటినీ మధ్యలో ఎవరూ చదవలేని విధంగా పంపే యాప్ అది. దాన్ని తయారుచేసినది కర్నల్ సాయి శంకర్. ఆయన నైపుణ్యాన్ని రక్షణ మంత్రి మెచ్చుకున్నట్టు ఆ ప్రకటనలోనే ఉంది. జీతం వివరాలు చూసుకోవడానికి జవాన్లు వాడే హమ్‌రాజ్ కూడా మొబైల్ యాపే. ఇలాంటి వాటి మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి యూనిఫాం విప్పగానే ఫోను గురించి ఏమీ తెలియనివాడు ఎలా అవుతాడు?

వయసు దాటిపోయిందనేది ఇంకో వాదన. చేతిలో పట్టుకుని నడుస్తూ మాట్లాడే ఫోను నుంచి తొలి కాల్ 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో చేసినది మార్టిన్ కూపర్. అప్పటికి ఆయనకు 44 ఏళ్లు. మోటరోలాలో చేరకముందు ఆయన అమెరికా నౌకాదళంలో జలాంతర్గామి అధికారి. కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాషకు దారి వేసిన గ్రేస్ హాపర్ 79 ఏళ్ల వయసులో, 1986లో, రియర్ అడ్మిరల్ హోదాలో నౌకాదళం నుంచి రిటైరై, ఆ వెంటనే ఒక కంప్యూటరు కంపెనీలో సలహాదారుగా చేరారు. మన జవాన్లలో ఎక్కువమంది బయటికొచ్చేది 35కూ 45కూ మధ్య. ఆ వయసుకు మనిషిని ముసలివాణ్ని చేసి కూర్చోబెట్టే హక్కు మనకు ఎవరిచ్చారు?

హాపర్ పేరు ఎత్తాను గనుక రెండో కుర్చీ దగ్గరికి, ఉపన్యాస వేదిక దగ్గరికి వస్తాను. ఆమె ఊరూరా తిరిగి ప్రసంగించేవారు. వెళ్లిన ప్రతిచోటా దాదాపు 30 సెంటీమీటర్ల తీగ ముక్కలు పంచేవారు. సెకనులో వంద కోట్లవ వంతులో విద్యుత్ సంకేతం వెళ్లగలిగే గరిష్ఠ దూరం అదని చూపించేవారు. కంప్యూటరు వేగం ఎక్కడ తగ్గుతుందో ఆ తీగ పట్టుకున్నవాడికి జన్మలో మరిచిపోలేనంతగా తెలిసేది. నౌకాదళ అధికారి వేదిక ఎక్కి చెప్పగలిగిన విషయం అలాంటిది. మన వేదికలు మాత్రం మాజీ సైనికుడి దగ్గర గాయాల కథ, సరిహద్దు కథ తప్ప ఇంకేమీ అడగవు. ఆయనకు తెలిసిన పని గురించి ఎవరూ అడగరు. కళ్లు చెమర్చేలా మాట్లాడితే చప్పట్లు, లేకపోతే మరుసటి ఏడాది ఇంకొకర్ని పిలుస్తారు.

సైన్యంలో మాట్లాడటం నేర్పే తీరు తెలిస్తే ఇలా చేయం. వైర్‌లెస్ మీద ఒకరు బటన్ నొక్కి మాట్లాడుతుంటే అవతలివాడు వినాల్సిందే, మధ్యలో అడ్డు తగలడానికి వీల్లేదు. కాబట్టి బటన్ నొక్కకముందే వాక్యం తలలో తయారై ఉండాలి. నాలుగు విషయాలు చూసుకోమంటారు: మాట లయ, వేగం, గొంతు బిగ్గరతనం, స్వరం ఎత్తు. అనవసరమైన మాట ఒక్కటి దొర్లినా బ్యాటరీ వృథా, సమయం వృథా, శత్రువుకు మన జాడ తెలిసే ప్రమాదం. ఏదైనా పనికి బయల్దేరేముందు నేల మీద ఇసుకతో గుట్టలు, వాగులు, దారులు పోసి నమూనా తయారుచేస్తారు. కమాండరు దాని పక్కన నిలబడి ముందు పరిస్థితి, తర్వాత లక్ష్యం, తర్వాత అది సాధించే పద్ధతి, ఆ పైన తిండీ మందుగుండూ, చివరికి సమాచార సంబంధాల గురించి అదే వరసలో చెబుతాడు. అన్నీ అయ్యాక "కోయీ శక్?" అని అడుగుతాడు. అనుమానం ఉంటే తీరుస్తాడు. లేదంటే తనే ఒకణ్ని లేపి, చెప్పినదంతా తిరిగి చెప్పిస్తాడు.

మామూలు ఉపన్యాసం చప్పట్లతో ముగుస్తుంది. సైన్యంలో శిక్షణ ఇచ్చే ఉస్తాద్ పాఠం, విన్నవాడు తిరిగి చెప్పగలిగినప్పుడు ముగుస్తుంది. పదో తరగతి చదివిన కుర్రాడికి, ఆరు భాషల వాళ్లు కూర్చున్న బారక్‌లో, ప్రాణం మీదికొచ్చే యంత్రం గురించి అర్థమయ్యేలా చెప్పిన మనిషి ఎంత మంచి వక్తో ఆలోచించండి. సాఫ్ట్‌వేరు సభల్లో గంటసేపు తెరమీద బొమ్మలు తిప్పి, ఎదుటివాడికి ఏం అందిందో అడగకుండా దిగిపోయే వక్తలకు ఆయన నేర్పాల్సింది చాలా ఉంది.

ఇక్కడ నేను ఎదిరిస్తున్న అభిప్రాయానికి తియ్యటి రూపం ఒకటుంది. "మిలిటరీ వాళ్లకు క్రమశిక్షణ ఎక్కువ" అని మెచ్చుకునే కంపెనీ పెద్దలు ఉన్నారు. వినడానికి బాగుంటుంది. కానీ ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఆ మెచ్చుకోలు మనిషిని భద్రతా విభాగానికో, రవాణా విభాగానికో, ఆఫీసు నిర్వహణకో తోస్తుంది. వేళకు రావడం, చెప్పింది చేయడం తప్ప ఆయనకు ఇంకో విద్య లేదని అందులో దాగిన అర్థం. వైర్‌లెస్ సెట్టులో తప్పు ఎక్కడుందో కనిపెట్టినవాడు చెప్పింది చేసినవాడు కాదు, ఎవరూ చెప్పనిది కనుక్కున్నవాడు. పొగడ్త పేరుతో ఆ తెలివిని చెరిపేయడాన్ని మనం ఒప్పుకోకూడదు.

ప్రభుత్వ విధానమూ ఇదే బాటలో నడిచింది. రక్షణ శాఖలోని పునరావాస డైరెక్టరేట్ జనరల్ ఏళ్లుగా నడిపిస్తున్న పథకాలు చూడండి: సెక్యూరిటీ ఏజెన్సీలు, బొగ్గు లోడింగ్, రవాణా, సీఎన్‌జీ బంకుల నిర్వహణ, పాల బూత్‌లు. కంప్యూటరు కోర్సులూ ఉన్నాయి, అది మంచిదే. కానీ కోర్సు పూర్తయ్యాక ఆ సర్టిఫికెట్ చూసి ఇంటర్వ్యూకు పిలిచే కంపెనీ లేకపోతే దాని విలువ ఎంత? కుర్రాళ్లను నాలుగేళ్ల కొలువుకు తీసుకునే అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్ 14న ప్రకటించినప్పుడు కూడా, బయటికొచ్చే వాళ్లకు తొలి రోజుల్లో ఇచ్చిన పెద్ద హామీ కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో 10 శాతం రిజర్వేషన్. ఒక యూనిఫాం విప్పి ఇంకో యూనిఫాం తొడుక్కోమన్నట్టే ఆ హామీ.

ఈ విషయం ఫలక్‌నుమా వాసులకు పట్టాల్సిన కారణం చరిత్రలోనే ఉంది. హైదరాబాద్ సంస్థానం మీద భారత సైన్యం 1948 సెప్టెంబర్ 13న మొదలుపెట్టిన పోలీసు చర్య ఐదు రోజుల్లో ముగిసింది. 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్, భారత సైన్యపు మేజర్ జనరల్ చౌధురి ఎదుట లొంగిపోయాడు. ఆ తర్వాత నిజాం బలగాలు రద్దయ్యాయి. మన పక్కనున్న బార్కాస్‌లో తరతరాలుగా కొలువు చేసిన అరబ్బు సైనిక కుటుంబాల చేతిలోంచి ఒక్కసారిగా జీతం పోయింది. నీకు ఇంకేం వచ్చని అడిగిన నాథుడు లేడు. వాళ్లు జామపళ్లు అమ్మారు, చిన్న దుకాణాలు పెట్టుకున్నారు, తర్వాతి తరం గల్ఫ్ బాట పట్టింది. సొంత చెమటతో నిలదొక్కుకున్నారు, ఆ ఘనత వాళ్లదే. వాళ్ల చేతుల్లోని విద్యను అడగకుండా వదిలేసిన తప్పు మాత్రం అప్పటి పాలకులది, సమాజానిది.

ఇప్పుడు అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. అగ్నిపథ్‌లో చేరిన అగ్నివీరుల తొలి జట్లు 2022 చివర్లో, 2023 ఆరంభంలో శిక్షణకు చేరాయి. వాళ్ల నాలుగేళ్లు 2026 చివరికి, 2027 ఆరంభానికి నిండుతాయి. నిబంధన ప్రకారం వాళ్లలో నాలుగో వంతు వరకే సైన్యంలో కొనసాగుతారు. మిగిలినవాళ్లు ఇరవైల మధ్యలో, సేవానిధి పేరున చేతికిచ్చే దాదాపు 11.71 లక్షల రూపాయలతో ఇళ్లకు వస్తారు. ఆ వయసులో తోటివాళ్లు గచ్చిబౌలి సాఫ్ట్‌వేరు కంపెనీల్లో మొదటి ఉద్యోగంలో ఉంటారు. ముందు నలభై ఏళ్ల పని జీవితం ఉన్న కుర్రాణ్ని గేటు దగ్గర కూర్చోబెట్టడం ఆ కుటుంబానికి, దేశానికి నష్టం.

సైన్యం నుంచి వచ్చిన ప్రతి మనిషీ ప్రోగ్రామరు అవుతాడని నేను చెప్పడం లేదు. కోడింగ్ అంటే ఇష్టం లేనివాళ్లు ఉంటారు. ఇంగ్లిషు తడబడేవాళ్లు, డేటా స్ట్రక్చర్ల పేరే విననివాళ్లు ఉంటారు. ఆ లోటు పూడ్చడానికి నెలల తరబడి గట్టి చదువు కావాలి. అయితే ఆ లోటు ఇంజనీరింగ్ పాసైన చాలామంది కుర్రాళ్లకూ ఉంది, వాళ్లకు కంపెనీలే జీతమిచ్చి శిక్షణ ఇస్తున్నాయి. ఆ అవకాశం ఫౌజీకి ఎందుకు లేదు? ఉద్యోగ ప్రకటనలో "ఈ ఏడాది పాసైనవారు మాత్రమే" అన్న ఒక్క షరతు ఆయన్ను లోపలికి రాకుండా ఆపేస్తోంది. ఆ షరతు తీసేయడానికి కంపెనీకి పైసా ఖర్చు లేదు.

మన చుట్టూనే చూడండి. చాంద్రాయణగుట్ట లైన్స్‌లో రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల ఉంది. కంచన్‌బాగ్‌లో క్షిపణి పరిశోధనశాల ఉంది. ఆ గోడల వెంట తిరిగే పాతబస్తీ పిల్లలకు లోపల ఏం జరుగుతుందో చెప్పే మనిషి లేడు. వైర్‌లెస్ సెట్టు గుండెకాయ తెలిసిన రిటైరైన సిగ్నల్స్ హవల్దారు మాత్రం వాళ్ల వీధిలోనే ఉంటాడు. ఫలక్‌నుమా ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆయన్ను జెండా పండుగకు కాక మామూలు మంగళవారం పిలవాలి. శాలువా బదులు బోర్డు, సుద్దముక్క ఇవ్వాలి. ఫోను టవర్‌ను ఎలా వెతుక్కుంటుంది, సిగ్నల్ తగ్గితే యాప్ ఎలా నిలబడాలి అన్నది పాఠంగా చెప్పించాలి. గంటకింతని డబ్బు కట్టాలి.

కంపెనీలను అడిగేది కూడా ఇంతే. జాలి వద్దు, దేశభక్తి పేరున మార్కులు కలపడమూ వద్దు. అందరికీ పెట్టే పరీక్ష ఆయనకూ పెట్టండి. కోడ్ రాయించండి, తప్పు కనిపెట్టించండి, కనిపెట్టినది పదిమందికీ అర్థమయ్యేలా చెప్పించండి. నెగ్గితే ఉద్యోగం ఇవ్వండి. ఓడితే ఎక్కడ ఓడాడో చెప్పి, మళ్లీ రమ్మనండి. పరీక్షే పెట్టకుండా గేటు చూపించడం మాత్రం అన్యాయం, ఆ అన్యాయం ఇక ఆగాలి.