బండి కబుర్లు: ఇంజన్ మళ్ళీ దించాలా?



పోయిన సంచికలో పాత బండ్ల గురించి నాలుగు ముక్కలు రాశాక, ఇద్దరు ముగ్గురు మిత్రులు ఎదురుపడి దాదాపు ఒకే ప్రశ్న అడిగారు. "ఇంజన్ ఓవర్‌హాల్ చేయించాం. బండి ఇంటికొచ్చింది. అయినా ఏదో తేడాగా ఉంది. మళ్ళీ దించాలంటున్నారు, ఏం చెయ్యమంటారు?" అని. నేను మెకానిక్‌ని కాను, ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. కాని ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం నా దగ్గర స్వానుభవం ఉంది. జేబుకు గట్టిగా తగిలిన అనుభవం.

ఇది 2007 నాటి మాట. 1997లో రిజిస్టరైన మా జపాన్ కారుకు పదేళ్ళు నిండాయి. సి.ఓ.ఇ. సంగతి ఇక్కడ ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. పదేళ్ళు కాగానే బండిని వదిలేసి ప్రభుత్వం వెనక్కిచ్చే సొమ్ము తీసుకోవాలి, లేదా ఆ సొమ్ము వదులుకుని మళ్ళీ ప్రీమియం కట్టి పొడిగించుకోవాలి. నేను సగం ప్రీమియం కట్టి అయిదేళ్ళకు పొడిగించాను. మా ఆవిడ వద్దంది. "పాత ఇనుముకు అంత డబ్బా? ట్యాక్సీలో తిరిగినా దీనికన్నా తక్కువే" అంది. లెక్క తనదే సరైనది. కాని మా అమ్మాయిని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న బండి అది. ఆ సెంటిమెంటు ముందు లెక్క నిలబడలేదు.

పొడిగించిన రెండు నెలలకే సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలైంది. వెయ్యి కిలోమీటర్లకు దగ్గర దగ్గర లీటరు ఆయిల్ తాగేస్తోంది. మన భాషలో చెప్పాలంటే ఇంజన్ బోరుకొచ్చింది. పదేళ్ళు దాటిన బండికి ఏటేటా ఇన్‌స్పెక్షన్ ఉంటుంది, ఆ పొగతో పాసయ్యే ప్రశ్నే లేదు. ఉబి వైపు ఒక వర్క్‌షాపు పెద్దాయన రెండు దారులు చెప్పాడు. జపాన్ నుంచి వచ్చే పాత ఇంజన్ ఒకటి తెచ్చి వేసుకోవడం, లేదా ఉన్నదాన్నే విప్పి బాగుచేయడం. ఇంజన్ మారిస్తే నంబరు మారుతుంది, కాగితాలూ మార్పించాలి. అందుకని ఉన్నదాన్నే ఓవర్‌హాల్ చేయమన్నాను. రింగులు, బేరింగులు, వాల్వ్ సీళ్ళు, గాస్కెట్లు అన్నీ కొత్తవి పడ్డాయి. హెడ్ సాపు చేయించారు. పది రోజుల తర్వాత వెళ్తే ఇంజన్ పెళ్ళికొడుకులా ఉంది. బ్లాకుకు, గేర్‌బాక్సుకు వెండి రంగు కూడా వేశారు.

అక్కణ్ణించి నేరుగా సెరంగూన్ రోడ్డు శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్ళి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేయించాం. తిరుగు ప్రయాణంలో చీకటి పడుతుంటే లైట్లు వేశాను. ఏ.సి. ఎలాగూ నడుస్తోంది. పాన్ ఐలాండ్ ఎక్స్‌ప్రెస్‌వే మీదకు వచ్చేసరికి టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోయింది. గుండె జారిపోయింది. పక్కకు ఆపి బానెట్ ఎత్తితే ఆవిరి లేదు, నీళ్ళు పొంగలేదు. కాసేపాగి, లైట్లు ఆర్పి మళ్ళీ స్టార్ట్ చేస్తే ముల్లు మామూలుగానే ఉంది! ఇంకోటి, సెల్ఫ్ కొడితే ఇంజన్ బద్ధకంగా, నాలుగు రోజులు తిండి లేనట్టు తిరుగుతోంది.

పొద్దున్నే వర్క్‌షాపుకు తీసుకెళ్ళాను. పట్టపగలు కదా, ముల్లు కదల్లేదు. సెల్ఫ్ బద్ధకం గురించి అడిగితే, "కొత్త రింగులు, టైట్ ఇంజన్ లా, రన్నింగ్-ఇన్ అయ్యాక సరిపోతుంది" అన్నాడు. నిజానికి అది నమ్మదగ్గ మాటే. కొత్త రింగులున్న ఇంజన్ కొంచెం బిగువుగానే తిరుగుతుంది. నాలుగు రోజుల్లో మూడు సాయంత్రాలు ముల్లు లేచింది. నాలుగోసారి వెళ్ళేసరికి ఆయన ముఖం మారింది. "హెడ్ గాస్కెట్ పోయుంటుంది, మళ్ళీ దించాలి" అన్నాడు. లేబరు తీసుకోనన్నాడుగాని, హెడ్ పాడై ఉంటే దాని ఖర్చు నాదే. ఇన్‌స్పెక్షన్‌కు మూడు వారాలే ఉంది. ఇంట్లో మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ. ఈ ముసలాయన నన్ను నిండా ముంచాడని నాకు నేనే తీర్మానించేసుకున్నాను.

ఆ రాత్రి ఫోన్ కార్డు గీకి విజయవాడకు చేశాను. మా బాబాయి ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లారీ ఇంజన్లు విప్పిన మనిషి. నేను కథంతా చెప్పేదాకా ఓపిగ్గా విన్నాడు.

"ఒరే అబ్బాయ్, ముల్లు మెల్లిగా ఎక్కిందా, టక్కున లేచిందా?"

"టక్కునే బాబాయ్. లైట్లు వేసిన కాసేపటికే."

"కాసేపటికా, వేయంగానేనా? సరిగ్గా చెప్పరా."

చెప్పలేకపోయాను. కిందకెళ్ళి కార్ పార్కులో బండి స్టార్ట్ చేసి, వేడెక్కాక లైట్లు వేశాను. ముల్లు లేచింది. ఆర్పాను, దిగింది. ఏ.సి. వేస్తే మళ్ళీ కొంచెం లేచింది. పరుగున పైకొచ్చి చెబితే బాబాయి నవ్వాడు.

"అన్ని లీటర్ల నీళ్ళు సెకనులో కాగుతాయట్రా? పొయ్యి మీద గిన్నెడు నీళ్ళు పెట్టి చూడు ఎంతసేపు పడుతుందో. అది వేడి కాదు, కరెంటు. నీ ఇంజన్‌కి ఎర్త్ లేదు. రేపు సెల్ఫ్ నాలుగుసార్లు కొట్టి యాక్సిలేటర్ కేబుల్ పట్టుకు చూడు. వెచ్చబడితే ఇక అనుమానమే లేదు."

ఆ కేబుల్ ఎందుకు వెచ్చబడాలో కొంచెం వివరంగా చెబుతాను. సెల్ఫ్ మోటారు లాగే కరెంటు వందల ఆంపియర్లలో ఉంటుంది. అది ఇంజన్ బ్లాకు గుండా, ఒక మందపాటి తీగ ద్వారా బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి చేరాలి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి బాడీతో దానికి వేరే మంచి దారి లేదు. ఆ తీగ సరిగ్గా అంటకపోతే కరెంటు యాక్సిలేటర్ కేబుల్, గేరు కేబుల్ లాంటి అడ్డదారులు వెతుక్కుంటుంది. సన్నటి దారిలో అంత కరెంటు పోతే అది వేడెక్కుతుంది, సెల్ఫ్ నీరసిస్తుంది. ఇక ముల్లు సంగతి. ఆ కాలపు బండ్లలో మీటరుకు వెళ్ళే సెన్సర్‌కు ఒకే తీగ. రెండో కొస ఇంజన్ బ్లాకే. బండి నడుస్తున్నప్పుడు లైట్ల కరెంటు కూడా బాడీ నుంచి బ్లాకు మీదున్న ఆల్టర్నేటర్‌కు ఆ దారినే తిరిగి పోవాలి. దారి బాగోకపోతే బాడీకి, బ్లాకుకు మధ్య వోల్టేజీ తేడా వస్తుంది, మీటరు దాన్ని వేడి అనుకుంటుంది. కొత్త బండ్లలో మీటరును కంప్యూటరు నడుపుతుంది కనుక ముల్లు ఇలాగే ఆడాలని లేదు. కాని చెడ్డ ఎర్త్ వాటినీ ఏదో ఒక రకంగా ఏడిపిస్తుంది.

మర్నాడు ఆఫీసులో ఒక మిత్రుడి మల్టీమీటరు అడిగి తెచ్చుకున్నాను. ఒక కొస బ్యాటరీ నెగెటివ్ గుబ్బ మీద, రెండో కొస ఇంజన్ మీద రంగులేని ఇనుము మీద పెట్టి, మా ఆవిణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాను. 1.6 వోల్టులు. 0.2 లోపు ఉంటే మంచిది, అర వోల్టు దాటితే అనుమానించాల్సిందే. మీటరు లేనివాళ్ళకు ఇంకా తేలిక పరీక్ష ఉంది. జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది ఇంజన్ మీద బెల్టులకు దూరంగా ఉన్న ఒక గట్టి బోల్టుకు తగిలించి స్టార్ట్ చేయండి. పాజిటివ్ జోలికి మాత్రం పోవద్దు. నేను అలా తగిలించగానే సెల్ఫ్ ఎగిరి అందుకుంది. లైట్లు వేశాం. ముల్లు చెక్కు చెదరలేదు. మా ఆవిడ కిటికీలోంచి "ఇంతేనా?" అంది. ఇంతే.

కేబుల్‌తో సహా వర్క్‌షాపుకు వెళ్ళి పెద్దాయనకు చూపించాను. ఆయన వంగి, ఎర్త్ తీగ బోల్టు విప్పాడు. బోల్టు గట్టిగానే ఉంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. దాని కిందనే మెరిసిపోతోంది ఆ వెండి రంగు! రంగు కరెంటును పోనివ్వదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఉప్పు కాగితంతో రంగంతా గీకి, ఇనుము తెల్లగా కనిపించాక తీగ బిగించి, పక్కనే ఇంకో కొత్త తీగ కూడా వేశాడు. డబ్బు తీసుకోలేదు. మోసగాడని అనుకున్నందుకు నాకే సిగ్గేసింది. ఆయన మోసం చేయలేదు, ఇంజన్ లోపల పెట్టిన శ్రద్ధ బయట పెట్టలేదు, అంతే.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. నాకు అర్థమైంది ఇది. ఇంజన్ ఓవర్‌హాల్ తర్వాత వచ్చే తంటాల్లో చాలావరకు లోపలివి కావు. దించడానికి విప్పి, ఎక్కించాక బిగించినవాటిలో ఉంటాయి. ఎర్త్ తీగలు, సరిగ్గా కూర్చోని కనెక్టర్లు, ఊడిన వాక్యూమ్ గొట్టాలు, కూలెంట్‌లో చిక్కిన గాలి. ఐడ్లింగ్‌లో మిస్ కొడుతుంటే ముందు గొట్టాలు చూడమనండి. ముల్లు నిజంగానే ఎక్కుతుంటే గాలి తీయించండి, ట్రాఫిక్‌లో ఎక్కి హైవే మీద దిగుతుంటే ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి. హెడ్ గాస్కెట్ మీద అనుమానమైతే ఇంజన్ విప్పకుండానే తేల్చే పరీక్ష ఉంది. రేడియేటర్ మూతి దగ్గర నీలం ద్రావకం పెడతారు. పొగ గాలి కూలెంట్‌లోకి వస్తుంటే అది పసుపుకు తిరుగుతుంది. కంప్రెషన్ కూడా చూడమనండి, నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఇవేవీ చూడకుండా "దించుదాం" అంటే మాత్రం ఒప్పుకోవద్దు.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కాసేపు పొగ వస్తే కంగారు పడకండి, బిగించేటప్పుడు పూసిన ఆయిల్ కాలుతుంది. రింగులు కుదురుకునేదాకా ఆయిల్ కొంచెం తగ్గడమూ మామూలే. మొదటి వెయ్యి కిలోమీటర్లలోపే ఆయిల్ మార్పించండి. ఒక్కదానికి మాత్రం బేరం లేదు. ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరకపోయినా, దారిలో వెలిగినా వెంటనే ఇంజన్ ఆపేయండి. ముల్లు కూడా అంతే, ముందు ఆపి, చల్లారాక మట్టం చూసుకుని, ఆ తర్వాతే మా బాబాయి లాజిక్ వాడండి. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయకండి.

ఇన్‌స్పెక్షన్ మొదటిసారే పాసైంది. 2012లో బండిని శాశ్వతంగా అప్పగించడానికి తీసుకెళ్ళిన రోజున కూడా సెల్ఫ్ మొదటి దెబ్బకే అందుకుంది. ఆ రోజు మా అమ్మాయి వెనక సీట్లో కూర్చుని ఏడ్చింది. మా ఆవిడ మాత్రం, "ట్యాక్సీ లెక్క ఇప్పటికీ నాదే కరెక్టు" అంది.