అన్నీ వైజాగ్‌కేనా? ఐటీ రేసులో తిరుపతి ఎక్కడ?

గూగుల్ వైజాగ్‌కే. టీసీఎస్ వైజాగ్‌కే. కాగ్నిజెంట్ కూడా వైజాగ్‌కే! పెద్ద టెక్ కంపెనీ వస్తోందంటే చాలు.. మాకంటే మాకు అని నగరాలు పోటీ పడుతున్నాయి. మరి ఈ రేసులో తిరుపతి, చిత్తూరు ఎక్కడున్నాయి?

ముందు ఆఫర్లు చూద్దాం. టీసీఎస్‌కు వైజాగ్‌లో 21.16 ఎకరాలు నామమాత్రంగా 99 పైసలకే ఇచ్చారు. రూపాయి కూడా కాదు! కాగ్నిజెంట్‌కూ అదే రేటు. బదులుగా టీసీఎస్ 12 వేలు, కాగ్నిజెంట్ 8 వేల ఉద్యోగాలు ఇస్తామన్నాయి. 2025 అక్టోబర్ 14న గూగుల్ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి ప్రకటించగానే సెగ బెంగళూరుకు తగిలింది. 22 వేల కోట్ల రాయితీలు ఇచ్చి తెచ్చుకున్నారని కర్ణాటక ఐటీ మంత్రి ప్రియాంక్ ఖర్గే విమర్శిస్తే.. మా వంటల్లాగే మా పెట్టుబడులూ ఘాటే అన్నట్టు మంత్రి నారా లోకేశ్ కౌంటర్ ఇచ్చారు.

ఈ పోటీ మన దగ్గరే కాదు. 2017లో అమెజాన్ రెండో హెడ్ ఆఫీస్ పెడతామంటే ఏకంగా 238 ప్రాంతాలు అప్లై చేశాయి. చివరికి గెలిచింది న్యూయార్క్, వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్. అంటే ఆల్రెడీ పెద్దవైన ఊళ్లే! రాయితీలపై గొడవ కావడంతో 2019లో న్యూయార్క్ ప్లాన్ క్యాన్సిల్ అయింది, అది వేరే కథ.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. తిరుపతి జిల్లాకు ఏమీ రాలేదనడం కరెక్ట్ కాదు. శ్రీసిటీలో ఏసీల నుంచి రైలు బోగీల దాకా తయారవుతున్నాయి. 2025 మేలో 5 వేల కోట్ల ఎల్‌జీ ప్లాంట్‌కు అక్కడే శంకుస్థాపన జరిగింది. కానీ అసలు పాయింట్ ఇక్కడే ఉంది. ఫ్రిజ్ తయారీ మన దగ్గర.. అదే ఎల్‌జీ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎల్‌జీ సాఫ్ట్ ఇండియా మాత్రం బెంగళూరులో!

ఎందుకిలా? చెన్నై ఇటు, బెంగళూరు అటు. మధ్యలో మనం. సరుకు పంపడానికి ఇది బాగా కలిసొచ్చే ప్లేస్. ఆఫీసు విషయానికొస్తే మాత్రం రివర్స్. రెండు మహానగరాల్లో బ్రాంచ్‌లు ఉన్న కంపెనీ మధ్యలో ఇంకోటి ఎందుకు పెడుతుంది? 1954 నుంచి ఎస్వీయూ ఉంది, 2015లో ఐఐటీ వచ్చింది. అయినా ఇక్కడ చదివిన పిల్లలు ఆదివారం రాత్రి బెంగళూరు బస్సు ఎక్కాల్సిందే.

సొంత కంపెనీ సంగతీ చూశాం. కరకంబాడిలో పుట్టి పెరిగిన అమరరాజా, 9,500 కోట్ల లిథియం బ్యాటరీ ప్రాజెక్టును 2022లో తెలంగాణలోని మహబూబ్‌నగర్‌కు తీసుకెళ్లింది. రాజకీయమా, వ్యాపార లెక్కా అనే వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

అందుకే తిరుపతి గూగుల్ కోసం ఎదురుచూడటం కంటే.. శ్రీసిటీకి వచ్చే ప్రతి కంపెనీని ఒకటే అడగాలి. ప్లాంట్ సరే, డిజైన్ టీమ్ ఎక్కడ కూర్చుంటుంది? భూమి ఇచ్చే ముందే అడగాలి, ఇచ్చాక కాదు. ఐదు వందల మంది పనిచేసే డిజైన్ ఆఫీసు వచ్చినా ఇక్కడ అది పెద్ద వార్తే. ప్రస్తుతానికైతే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ విషయంలోనూ మెయిన్ సెంటర్ అమరావతిలో, తిరుపతికి దక్కింది అనుబంధ కేంద్రమే.