ముందు కన్నీళ్లు, తర్వాతే మాటలు

మన హాస్టల్లో చర్చికి వెళ్లేవాళ్లున్నారు, గుడికి వెళ్లేవాళ్లున్నారు, ఎక్కడికీ వెళ్లనివాళ్లూ ఉన్నారు. అయినా యోహాను సువార్త 11వ అధ్యాయం 35వ వచనం అందరికీ పనికొస్తుందని మా అభిప్రాయం. యేసు ఏడ్చాడన్నదే అందులోని సంగతి. తెలుగు బైబిల్లో మూడే మాటలు. చిన్నది కదా అని కంఠస్థం చేసేసి ముందుకు పోతుంటాం.

సందర్భం చూడండి. బేతనియలో లాజరు చనిపోయి నాలుగు రోజులైంది. అతన్ని లేపడానికే వెళ్తున్నానని యేసు బయలుదేరకముందే శిష్యులతో అన్నాడు. కాసేపట్లో ఆ ఇంట్లో సంతోషం నిండుతుందని తెలిసినవాడు ఏడవడం దేనికి? లాజరు సోదరి మరియ ఏడుస్తోంది. ఆమెను ఏడవొద్దని అనలేదు, తానూ ఏడ్చాడు. సమాధి దగ్గరికి వెళ్లింది ఆ తర్వాతే.

మేమలా చేయలేకపోయాం. మేము పదో తరగతిలో ఉండగా, ఐదులో కొత్తగా చేరిన ఒక తమ్ముడు ట్రంకుపెట్టె మీద కూర్చుని రాత్రంతా ఏడ్చాడు. "మగపిల్లాడివి, ఏడుస్తావేంరా? చదువుకుంటే అన్నీ అవే వస్తాయి" అని చెప్పి పడుకున్నాం. చెప్పింది అబద్ధం కాదు. మా ఇళ్లలో మొదటి డిగ్రీలు మావే. కానీ ఆ రాత్రి వాడి పక్కన ఎవరమూ కూర్చోలేదు. దసరా సెలవులకు వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

సీనియర్ తమ్ముళ్లకు మా మనవి ఒక్కటే. జూన్‌లో కొత్త పిల్లలు వస్తారు. మంచి మాటలు తెల్లారాక చెప్పొచ్చు. ఆ మొదటి రాత్రి మాత్రం పక్కన కూర్చోండి.