పంటలపై కోతుల దాడి: ప్రవర్తనా పరిణామ దృష్టితో ఒక పరిశీలన

భారతదేశంలో కోతుల విస్తరణ పటాన్ని గీసిన జీవశాస్త్రజ్ఞులు చాలాకాలం పాటు పడమట తాపీ నదిని, తూర్పున గోదావరిని ఒక సరిహద్దుగా చూపుతూ వచ్చారు. ఉత్తరాన పొట్టి తోక, ఎర్రని పిరుదులు గల రీసస్ కోతి. దక్షిణాన పొడవైన తోక, నెత్తిన టోపీ పెట్టినట్లు సుడి తిరిగిన వెంట్రుకలు గల బోనెట్ కోతి. ఈ లెక్కన గోదావరి కుడి గట్టున ఉన్న మంథని ఆ పటంలో హద్దురాయి వంటి చోటు. ఆ హద్దు నేడు చెరిగిపోయింది. రీసస్ కోతులు గోదావరిని దాటి దక్షిణంగా చాలా దూరం వ్యాపించాయనీ, బోనెట్ కోతులు ఆ మేరకు తమ తావులను కోల్పోతున్నాయనీ 2011లో కుమార్, రాధాకృష్ణ, సిన్హాలు ప్రచురించిన పరిశీలన స్పష్టం చేసింది. నది తావు మారలేదు. దానికి ఇరువైపులా మనుషులు మారారు. వారిని చూసి కోతి మారింది.

ఉత్తర తెలంగాణలో కోతుల బెడదను గురించిన చర్చ సాధారణంగా రెండే మాటల వద్ద ఆగిపోతుంది. అడవులు తగ్గాయి గనుక కోతులు ఊళ్ళ మీద పడ్డాయన్నది మొదటిది. వాటి సంఖ్య పెరిగింది గనుక తగ్గించాలన్నది రెండవది. రెండింటిలోనూ సత్యం లేకపోలేదు. రామగుండం, మంథనిల నడుమ సింగరేణి ఉపరితల గనులు విస్తరించిన తీరును చూసినవారెవ్వరూ మొదటి మాటను కాదనలేరు. అయితే అడవి తగ్గని చోట్ల కూడా కోతి పొలానికి ఎందుకు వస్తున్నదో, ఒకసారి వచ్చిన కోతి ఎందుకు మరలిపోవడం లేదో ఈ రెండు మాటలూ చెప్పలేవు. ఆ ప్రశ్నకు సమాధానం ప్రవర్తనా శాస్త్రంలో ఉంది. వ్యవసాయ విస్తరణ వ్యవస్థ ఇంతవరకు దానిని తన శాస్త్రంగా భావించకపోవడమే అసలు లోపం.

సస్యరక్షణలో శిక్షణ పొందిన శాస్త్రవేత్తకు పరిణామం అనగానే గులాబీ రంగు కాయతొలుచు పురుగు గుర్తుకు వస్తుంది. 2002లో దేశంలో బీటీ పత్తి సాగుకు అనుమతి లభించగా, 2010 నాటికే గుజరాత్‌లో ఆ పురుగు మొదటి తరం బీటీ విషానికి నిరోధకత పొందినట్లు వెల్లడైంది. అక్కడ జరిగింది జన్యుపరమైన ఎంపిక. ఒక్క పంటకాలంలో నాలుగైదు తరాలు గడిచే పురుగులో విషాన్ని తట్టుకున్న కొద్దిపాటి జీవుల సంతతి మిగిలి, తక్కినది నశిస్తుంది. దీనికి విరుగుడుగా ఆశ్రయ పంటను వేయమని చెప్పడం తర్కబద్ధమే.

కోతి విషయం వేరు. ఆడ కోతి మూడు నాలుగేళ్ళకు ఈడుకు వచ్చి, సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లను మాత్రమే ఈనుతుంది. గడచిన నలభై ఏళ్ళలో దానికి పది తరాలు మించి గడచి ఉండవు. ఇంత స్వల్పకాలంలో కొత్త జన్యువులు మందలన్నిటినీ ఆక్రమించి, పొలాన్ని దోచే స్వభావాన్ని పుట్టించాయనడం నమ్మదగినది కాదు. మారినది జన్యువు కాదు, అభ్యాసం. పిల్ల తల్లి పొట్టను కరచుకొని పొలానికి వస్తుంది. ఏ కంకి పాలు పట్టినదో, ఏ మనిషి రాయి విసురుతాడో, ఎవరు కేకలతో సరిపెడతారో అక్కడే నేర్చుకుంటుంది. 1953లో జపాన్‌లోని కోషిమా దీవిలో ఒక చిన్న ఆడ కోతి చిలగడదుంపకు అంటిన ఇసుకను నీటిలో కడిగి తినడం మొదలుపెట్టింది. ఆ అలవాటు తోటి పిల్లలకు, తల్లులకు, తరువాత వారి సంతతికి పాకింది. ముదురు మగ కోతులు చాలా మటుకు దానిని నేర్వలేదు. అంటే కోతి మందలో కూడా సంప్రదాయం ఉంటుంది. అది పిల్లల ద్వారా, తల్లుల ద్వారా నడుస్తుంది. మందలో బలిసిన మగ కోతిని పట్టుకొని పోతే మిగిలినవి చెదరిపోతాయన్న నమ్మకం పల్లెల్లో ఉన్నది గాని, పాఠం చెప్పేది అది కాదు.

మనిషి ప్రవర్తన కూడా ఈ కాలంలోనే, ఇదే విధంగా మారింది. పశుపోషణ చేపట్టిన జాతులలో పెద్దవయసులో సైతం పాలను జీర్ణించుకోగల జన్యువు వ్యాపించడానికి వేల ఏళ్ళు పట్టింది. మంచె మాయం కావడానికి మాత్రం ఒక్క తరం చాలింది. జొన్న విరివిగా పండిన రోజుల్లో మంచె మీద నిలిచి వడిసెల తిప్పడం గ్రామీణ బాల్యంలో భాగం. జొన్న స్థానంలో పత్తి వచ్చింది. కాలువ నీరు అందిన చోట వరి వచ్చింది. పిల్లలు బడికి పోయారు, పోవలసినదే. పత్తిచేనుకు కాపలా అక్కరలేదు గనుక కాపలా కాసే నేర్పు, కాపలాకు వంతులు వేసుకొనే కట్టుబాటు రెండూ పోయాయి. అదే సమయంలో ఊరి చివర చెత్తకుప్పలు పెరిగాయి. కొండగట్టు వంటి ఆంజనేయ క్షేత్రాల్లో భక్తితో, ప్రయాణపు మార్గాల్లో సరదాతో కోతి చేతికి అరటిపండు అందించడం అలవాటైంది. మనిషి చేయి ఆహారపు గుర్తుగా మారిన తరువాత ఆ చేతిలోని కర్రకు విలువ తగ్గింది.

ఇక్కడ అభ్యాస శాస్త్రం చెప్పే ఒక సూత్రం విస్తరణ సిబ్బందికి ఎరువుల మోతాదు వలె కంఠస్థం కావలసినది. ప్రతిసారీ ఫలితమిచ్చే పనిని, ఫలితం ఆగిపోగానే జంతువు త్వరగా మానేస్తుంది. ఒకసారి దొరికి ఒకసారి దొరకని పనిని మాత్రం ఎంతోకాలం వదలదు. స్కిన్నర్ ప్రయోగశాలలో పావురాలు, ఎలుకలు నిరూపించిన ఈ సత్యాన్ని మక్క చేనులో కోతి నిత్యం నిరూపిస్తున్నది. వారంలో నాలుగు రోజులు గట్టిగా కాపలా కాసి మూడు రోజులు వదలిన రైతు, పంటలో సగానికి పైగా దక్కించుకున్నానని అనుకుంటాడు. వాస్తవానికి అతడు పట్టువదలని కోతిని తయారు చేస్తున్నాడు. పైగా కోతికి దవడ సంచులు ఉన్నాయి. అయిదు నిమిషాల్లో వాటిని నింపుకొని, చెట్టెక్కి తీరికగా నమలగలదు. కాపలాదారు అన్నానికి వెళ్ళిన వేళ దానికి చాలు. అరకొర కాపలా కన్నా, గింజ పాలు పోసుకొనే దశ నుండి కోత వరకు, అంటే నష్టం జరిగే ఆ కొద్ది వారాల్లో మాత్రమే, ఎడతెగని కాపలా మేలు.

బెదిరింపు సాధనాల సంగతీ ఇంతే. దిష్టిబొమ్మ, మెరిసే రిబ్బన్లు, పులి అరుపులు వినిపించే యంత్రం మొదటి రోజుల్లో పని చేస్తాయి. హాని కలిగించని గుర్తుకు జంతువు అలవాటు పడుతుంది. విత్తినది మొదలు సీజను పొడవునా పొలంలో నిలిపిన సాధనం, అవసరమైన రోజు వచ్చేసరికి కోతికి పాతకాపు అవుతుంది. రాజేంద్రనగర్‌లోని సకశేరుక చీడల యాజమాన్య పథకం అడవి పందుల నుండి వేరుశనగను కాపాడటానికి చేను చుట్టూ కుసుమ వరుసలు వేయవలసినదిగా సూచించింది. వాసన ఆధారంగా చీకటిలో వచ్చే పందికి ముళ్ళ మొక్క నిజమైన అడ్డంకి. అది వట్టి బెదిరింపు కాదు. పగటి వేళ కంటితో చూసి, చెట్టు మీది నుండి దిగే కోతికి అదే సూచనను వర్తింపజేయలేము. పంది, కోతి, పక్షి అన్నిటినీ ‘వన్యప్రాణుల బెడద’ అనే ఒక్క శీర్షిక కింద చేర్చి ఒకే కరపత్రం ముద్రించడం వల్ల రైతుకు దక్కేది తక్కువ.

ఈ విషయంలో పరిశోధనా పద్ధతినే సమీక్షించుకోవలసిన అవసరం ఉంది. వ్యవసాయ ప్రయోగాలకు పునాది రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్. ఒక మడిలో వేసిన నత్రజని పక్క మడిలోని దిగుబడిని మార్చదన్న భావన మీద అది నిలిచి ఉంది. కోతి గట్లను దాటి నడుస్తుంది. వికర్షకం చల్లిన మడిని వదలి, చల్లని మడిలో కడుపు నింపుకొంటుంది. అప్పుడు పట్టికలో చల్లిన మడికి నష్టం తక్కువగా, కంట్రోల్ మడికి ఎక్కువగా కనిపిస్తుంది. వ్యత్యాసం గణాంకపరంగా సార్థకమని తేలుతుంది. ఊరంతా అదే మందు చల్లిన నాడు కోతికి వేరొక మడి ఉండదు. ఆకలికి, వికర్షకానికి మధ్య అసలు పోటీ ఆనాడు గాని మొదలు కాదు. కీటక శాస్త్రంలో ఎంపికకు అవకాశమున్న పరీక్ష, లేని పరీక్ష అని రెండు రకాలు పాటిస్తారు. కోతుల విషయంలో మొదటి రకం ఫలితాన్ని రెండవ దానికి సిఫారసుగా మార్చడం రైతుకు అన్యాయం. పొలాన్ని గాక ఊరిని, కనీసం ఒక మంద తిరిగే పరిధిని ప్రయోగ ప్రమాణంగా తీసుకోవాలి. ఖర్చు పెరుగుతుంది, పునరావృత్తులు తగ్గుతాయి, ప్రచురణ ఆలస్యమవుతుంది. అయినా మరో మార్గం లేదు.

కోతులను పట్టి వేరొక చోట వదలడం ప్రజాదరణ గల పరిష్కారం. పట్టణంలో పట్టిన కోతులను అడవి అంచున విడిచిపెడితే, వాటితో పాటు అవి నేర్చినదంతా ఆ అంచున ఉన్న పల్లెకు చేరుతుంది. తలుపు గడియ తీయడం తెలిసిన కోతికి తునికి పండ్ల కోసం కొండలు తిరగవలసిన అవసరం ఏమి? రీసస్ కోతి గోదావరిని దాటి ఇంత వేగంగా దక్షిణాదికి రావడంలో ఇటువంటి తరలింపులకు గల పాత్రను నిపుణులు గుర్తించారు. బడి మార్చినంత మాత్రాన విద్యార్థి చదివిన చదువు పోదు.

సంతాన నిరోధక శస్త్రచికిత్సలకు ఈ లోపం లేదు. హిమాచల్ ప్రదేశ్ 2006-07 నుండి ఈ కార్యక్రమాన్ని నడుపుతూ లక్షకు పైగా కోతులకు శస్త్రచికిత్సలు చేసింది. తెలంగాణలో 2020 డిసెంబరులో నిర్మల్ సమీపంలోని చించోలి వద్ద కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం ప్రారంభమైంది. ఇది చేయదగిన పనే. అయితే శస్త్రచికిత్స జరిగిన కోతి ఇరవై ఏళ్ళ వరకు బ్రతకవచ్చు, అన్నాళ్ళూ తింటుంది, తోటివాటికి దారి చూపుతుంది. సంఖ్యను తగ్గించే పథకం ప్రవర్తనను మార్చే పథకానికి తోడు కావలసినదే గాని ప్రత్యామ్నాయం కాజాలదు. 2015లో మొదలైన హరితహారం అడవిలో పండ్ల చెట్లు పెంచితే కోతులు తిరిగి వెళ్తాయన్న ఆశను కూడా కలిగించింది. మేడి, తునికి నాటడం ఇతర కారణాల వల్ల మంచిదే. నిమిషానికి లభించే శక్తి లెక్కన మాత్రం ఏ అడవి పండూ మక్క కంకికి సాటి రాదు. మేత వెదికే జంతువు ఈ లెక్కను తప్పదు.

చట్టం కూడా ఇప్పుడు రెండు కోతులను వేరు చేసింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణతో రీసస్ కోతి రక్షిత జాతుల షెడ్యూళ్ళ నుండి తొలగింది. బోనెట్ కోతి మొదటి షెడ్యూల్‌లో ఉన్నది. 2023 ఏప్రిల్ నుండి ఇది అమలులో ఉంది. రెండు జాతులూ కలిసే ఈ ప్రాంతంలో తోక పొడవును బట్టి నేరం నిర్ణయమవుతుందన్న సంగతిని రైతుకు చెప్పవలసింది విస్తరణాధికారే. షెడ్యూల్ నుండి తొలగడమంటే చంపమని ఆజ్ఞ కాదని కూడా చెప్పాలి.

అన్నిటికన్నా ఆందోళన కలిగించే పరిణామం రైతు ప్రవర్తనలో వస్తున్నది. వేరుశనగ, మక్క, పెసర, కూరగాయలు పండించే ఊరిలో ఒక రైతు విసిగి పత్తికి మారితే, కోతుల ఒత్తిడి మిగిలిన వారి మీద పడుతుంది. మరొకరు మారతారు. చివరి వేరుశనగ చేను మీద మంద అంతా దిగుతుంది. ఇది ఎవరి అజ్ఞానమూ కాదు. ప్రతి రైతూ తన వరకు సరైన నిర్ణయమే తీసుకుంటాడు, ఊరు మాత్రం పప్పును, కూరను అంగడిలో కొనుక్కొనే స్థితికి వస్తుంది. పంటల వైవిధ్యం గురించి ఎన్ని శిక్షణా తరగతులు నిర్వహించినా, ఈ గొలుసును తెంచకుండా ఫలితం ఉండదు.

ఈ గొలుసును తెంచే ఉపాయం ప్రకృతిలోనే ఉంది. వెదురు ఎన్నో ఏళ్ళకొకసారి ఒక్కుమ్మడిగా పూచి, తినే జీవులు తినగా మిగిలేటంత గింజను రాలుస్తుంది. జొన్న రైతులు ఊరంతా ఒకే అదనులో విత్తి పిట్టల నష్టాన్ని పంచుకున్నది ఇదే సూత్రం మీద. విడివిడి మళ్ళలో గాక, ఒక్క చోట, ఒకే వారంలో విత్తిన యాభై ఎకరాల వేరుశనగకు అంచు తక్కువ, కాపలా మనుషులు తక్కువ, ఎకరాకు నష్టం తక్కువ. మంథని, ముత్తారం, కమాన్‌పూర్, రామగిరి మండలాల్లో ఒక్కొక్క ఊరిని ఎంచుకొని పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఇటువంటి సామూహిక విత్తనాన్ని, వంతుల కాపలాను, చెత్త నియంత్రణను కలిపి మూడేళ్ళ పాటు పరీక్షించవచ్చు. కాపలా కూలికి పథకంలో స్పష్టమైన పద్దు ఉండాలి. లేనిచో అది ఇంటి ఆడవారి మీద పడే వెట్టిగా మారుతుంది.

గ్రామీణ అనుభవ కార్యక్రమంలో భాగంగా నెలల తరబడి పల్లెల్లో ఉండే డిగ్రీ విద్యార్థులకు ఇందులో చేయదగిన పని ఉంది. మందలో తల్లులెన్ని, పిల్లలెన్ని, ఏ వేళకు ఏ చెట్టు మీది నుండి ఏ పొలంలో దిగినవి, ఎవరు తరిమారు, ఎన్ని నిమిషాలకు తిరిగి వచ్చినవి అని ఒక నోటుపుస్తకంలో రోజూ నమోదు చేయడానికి పరికరాలేవీ అక్కరలేదు. టింబర్గెన్ 1963లో జంతు ప్రవర్తన అధ్యయనానికి నాలుగు ప్రశ్నలను నిర్దేశించినప్పుడు ఆయన ప్రధానంగా ఆధారపడినది పక్షులను ఓపికగా చూసిన ఇటువంటి నమోదుల మీదనే. వచ్చే వానాకాలం బ్యాచ్ పల్లెలకు వెళ్ళేలోగా ఆ నమోదు పత్రం సిద్ధం చేయవచ్చు.