రెండో ప్రొపెల్లర్ మాట ఎందుకు ఎత్తరు?

శాక్రమెంటోలో బోటు కొన్న రోజే అమ్మకందారుకు చెప్పాను, దాన్ని టాహో సరస్సుకు తీసుకెళ్తామని. అది 6,225 అడుగుల ఎత్తున ఉన్న సరస్సు. అయినా ఎత్తు తక్కువైన ఫోల్సమ్ సరస్సు నీళ్లకు సరిపోయే 17 అంగుళాల పిచ్ ప్రొపెల్లరే బిగించి పంపారు. ఎత్తులో ఇబ్బంది ఉండదా అని అడిగితే, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది కదా, ఇంజనే సర్దుకుంటుందన్నారు.

కొనేవాణ్ణి మభ్యపెట్టే మాట అది. ఇంజెక్షన్ సర్దేది పెట్రోలును. గాలి పలచబడితే పెట్రోలు తగ్గించి పాళ్లు కుదురుస్తుంది, అంతే. లేని గాలిని ఎక్కణ్నుంచి తెస్తుంది? సూపర్‌చార్జర్ లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. 115 హార్స్‌పవర్‌కు డబ్బు కట్టినవాడికి టాహోలో దక్కేది 94కు అటూ ఇటూ. నీళ్లు మాత్రం పలచబడవు. బోటు బరువు తగ్గదు, అందులో కూర్చున్న పిల్లల బరువూ తగ్గదు.

పిచ్ అంటే, జారుడును పక్కన పెడితే, ప్రొపెల్లర్ ఒక్క చుట్టులో ముందుకు సాగే దూరం. నీరసించిన ఇంజనును చుట్టుకు 17 అంగుళాల అడుగు వెయ్యమనడం, నిండు లోడుతో ఘాట్ రోడ్డెక్కే లారీని టాప్ గేరులో లాగమనడమే!

జూలైలో ఆరుగురం ఎక్కాం. థ్రాటిల్ పూర్తిగా తోశాను. ముక్కు ఆకాశానికి లేచింది, తోక నీళ్లలో కూరుకుపోయింది, బోటు మాత్రం నీటి మీదికి తేలి పరిగెత్తలేదు. టాకోమీటర్ నిమిషానికి 4,900 చుట్ల దగ్గర ఆగిపోయింది. ఫోల్సమ్‌లో ఇదే బోటు 5,600 తిరిగింది. మాన్యువల్ ప్రకారం ఫుల్ థ్రాటిల్‌లో 5,000 నుంచి 6,000 మధ్య తిరగాలి. టాహోలో మధ్యాహ్నానికి గాలి లేస్తుంది, నడివేసవిలోనూ నీళ్లు చల్లగానే ఉంటాయి. అలలు పెరుగుతుంటే, ఒడ్డు దూరంగా కనబడుతుంటే, ముక్కు ఎత్తుకుని ఈడ్చుకుంటూ వచ్చాం. లైఫ్ జాకెట్ల బకిళ్లు పట్టుకుని కూర్చున్న పిల్లల మొహాలు నేను మరిచిపోలేను.

తిరిగొచ్చి నిలదీస్తే ఏమన్నారో తెలుసా? 150 హార్స్‌పవర్ ఇంజను కొనమన్నారు! అల్యూమినియం ప్రొపెల్లర్ ఒకటి వంద, రెండొందల డాలర్లకు దొరుకుతుంది. ఆ మాట దాచి వేల డాలర్ల ఇంజను చూపించడం వ్యాపారం కాదు, మోసం.

పిచ్ ఒక అంగుళం తగ్గితే ఇంజను నిమిషానికి దాదాపు 150 నుంచి 200 చుట్లు ఎక్కువ తిరుగుతుంది. నేను 15 వేసుకున్నాను. అదే సరస్సులో, అవే ఆరు ప్రాణాలతో ముల్లు 5,250 చూపించింది, బోటు లేచింది. పోయిన హార్స్‌పవర్ తిరిగి రాలేదు, రాదు కూడా. ఉన్నదాన్ని వాడుకునే వీలు దొరికింది.

ఇక్కడే ఇంకో తప్పు చేస్తారు మనవాళ్లు. కొండమీద బాగుంది కదా అని అదే 15తో కిందికొచ్చి ఫోల్సమ్‌లో తోలతారు. చిక్కటి గాలి అందిన ఇంజను, ఇద్దరే ఉన్న బోటులో, 6,000 దాటేసి రెవ్ లిమిటర్‌ను గుద్దుకుంటుంది. కాబట్టి ప్రొపెల్లర్లు రెండూ ఉండాలి, దిగగానే మార్చాలి. ఒక నట్టు, ఒక కాటర్ పిన్ను, పావుగంట పని.

కాకినాడ, విశాఖ తీరంలో మోటారు బోట్లు సముద్రమట్టం మీదే నడుస్తాయి, అక్కడ పెరిగినవాళ్లకు ఈ సంగతి తెలియకపోవడంలో తప్పు లేదు. తెలిసీ చెప్పని అమ్మకందారుదే తప్పు.

టాహోకని బోటు కొంటున్నవాళ్లారా, సంతకం పెట్టకముందే రెండో ప్రొపెల్లర్ అడగండి. మొదటిరోజు ఇంటిల్లిపాదినీ ఎక్కించి, ఒడ్డు పక్కన నెమ్మదిగా పోవాల్సిన మేర దాటాక, మరీ దూరం పోకుండా, గాలి లేని పొద్దున, ఫుల్ థ్రాటిల్‌లో ముల్లు ఎక్కడ ఆగుతుందో చూడండి. మాన్యువల్‌లో రాసిన అంకె అందకపోతే నడి సరస్సులోకి పోకండి.