వీధికొక తాకట్టు దుకాణము

చెన్నపట్టణపు వర్తకవీధులలో అంగళ్ల వృద్ధి రెండు విధములుగా జరుగుచుండుట చూడవచ్చును. ఒకటి గుమికూడు వృద్ధి. నయినియప్ప నాయకుని వీధిలో మూలికలును రసాయనద్రవ్యములును, ఆండర్సను వీధిలో కాగితమును శుభలేఖలును, పుదుపేటలో మోటారుబండ్ల పాత సామానులు, రిచ్చీ వీధిలో ఒకప్పుడు రేడియో భాగములు, నేడు కంప్యూటరు సామగ్రి. ఒకే సరకు నమ్మువారు ఒకరి ప్రక్క నొకరు కూర్చుండుటలో వింత లేదు. నాలుగు అంగళ్లు చూచి బేరమాడవచ్చునని కొనువాడు దూరమునుండి వచ్చును. ఒక అంగడిలో లేని సరకు ప్రక్క అంగడినుండి క్షణములో తెప్పింపవచ్చును. కూలీలు, బండ్లు, దళారులు, అరువిచ్చువారు అందఱు నచ్చటనే యుందురు. శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారి కొత్వాలుచావడినుండి టోకు కూరగాయల వర్తకమును 1996లో కోయంబేటికి తరలించినపుడు, ప్రభుత్వము సైతము ఆ వర్తకులను విడదీయ సాహసింపక ఒక్కచోటనే స్థలము చూపవలసివచ్చెను.

రెండవది చెదరు వృద్ధి. మందుల దుకాణము, టీ కొట్టు, తాకట్టు దుకాణము ఈ తెగకు చేరినవి. ఇవి ఒకదానికొకటి ఎడముగా, జనులు నివసించు చోట్లకే పోయి నిలుచును. రోగి బంధువులు మందుకై దూరము పోజాలరు. టీ త్రాగువాడు అసలే పోడు. కావున మొదటి రెంటిని గూర్చి విచారింప బనిలేదు. మూడవదాని సంగతి వేఱు. పెరంబూరు మొదలు సాలిగ్రామము వఱకు ఏ పేటలో నడచినను, ఒకటి రెండు ఫర్లాంగులు సాగునంతలో ‘అడగు కడై’ అను పలక కనబడక మానదు. పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేర వెలసిన త్యాగరాయనగరమున, పానగల్లు పార్కు చుట్టును నగల అంగళ్లు. వాని వెనుక సందులలో నగలు కుదువబెట్టుకొను కొట్లు.

ఇందులకు జనుల దుబారాయే కారణమని కొందఱును, సేట్ల లోభమే కారణమని కొందఱును చెప్పుట కద్దు. రెండును మాకు సమ్మతములు కావు. దుబారాయు లోభమును అన్ని కాలములయందు, అన్ని వృత్తులయందు నున్నవి. అవి ఈ యొక్క దుకాణమునే పెంచుట యెట్లు? ఈ వర్తకపు పోకడనే కొంచెము పరిశీలింపవలెను.

దీనికి పది యడుగుల గది, త్రాసు, గీటురాయి, ఇనుపపెట్టె, లెక్కపుస్తకము ఉన్న చాలును. సరకు కొని నిలువచేయ నక్కఱలేదు, గిరాకీదారే తెచ్చును. ఆ సరకు క్రుళ్లునది కాదు, పాతబడునది కాదు. పెద్ద వీధిలో హెచ్చు అద్దెకు ముంగిలి యక్కఱలేదు. సందు మలుపు చాలును. ఇక రాజస్థానమునుండి వచ్చిన కుటుంబములలో, బంధువు దుకాణమున పని నేర్చిన కుఱ్ఱవాడు కొన్నేండ్లకు ఆ బంధువు పెట్టుబడితోనే తానొక దుకాణము తెఱచుట వాడుక. పోషించినవానికి ఎదుట తెఱవడు గదా. మఱియొక పేటలో తెఱచును. నెలనెల వడ్డీ కట్టువారు కాలినడకను రాదగిన దూరమున నుండుటయు నవసరమే.

వీనికంటె బలమైన కారణ మింకొకటి మాకు తోచుచున్నది. తన వీధిలోని తాకట్టు దుకాణమునకు ఎవడును పోడు. ఎఱిగినవారు చూతురను సంకోచము. మైలాపూరువాడు మందవెల్లికి పోవును. మందవెల్లివాడు మైలాపూరునకు వచ్చును. కాబట్టి ప్రతి వీధియందును ఆ వీధివారు తొక్కని దుకాణమొకటి పొరుగు వీధివారికొఱకు వెలయుచున్నది. మర్యాద యనునది ఒక వర్తకము నింతగా పోషించుట వేఱొకచోట చూడము.

శాసనము దీనికి అడ్డు రాలేదు. 1943 నాటి మద్రాసు తాకట్టు వర్తకుల చట్టము లైసెన్సును, రసీదును, విడిపించుకొనుటకు ఏడాది గడువును, పిమ్మట బహిరంగపు వేలమును విధించినది. అది క్రమపఱచుటకు వచ్చినదే కాని తగ్గించుటకు వచ్చినది కాదు. ఈ శతాబ్దమున ముత్తూటు, మణప్పురము మొదలగు కేరళదేశపు కంపెనీలు గాజుతలుపుల శాఖలతో ఈ పనినే విస్తరింపజేసినవి. ఇట్టి కంపెనీలు నగ విలువలో నూటికి 60కి మించి అప్పీయరాదని 2012లో రిజర్వు బ్యాంకు కట్టడి చేయగా వాని వేగము తగ్గెను. 2014లో ఆ హద్దు 75 ఆయెను. 2025 జూనులో ప్రకటించిన నిబంధనలలో, రెండున్నర లక్షలకు లోబడిన అప్పులకు 85 అయినది. ఇంతలో బంగారపు ధర చూడుడు. 2000 సంవత్సరమున పది గ్రాములు సుమారు నాలుగున్నర వేల రూపాయలు. 2025లో లక్ష దాటినది. నాడు ఒక నెల యింటి యద్దెకు చాలిన గొలుసు నేడు కళాశాల రుసుమునకు చాలుచున్నది. అదే గొలుసు, అదే మెడ; అప్పు మాత్రము పెరిగినది.

అయినను అప్పు పుట్టునంత మాత్రమున జనులు అప్పు చేయరు. జీతము నెలనెలకు వచ్చును. పట్టణపు ఖర్చులు ముద్దముద్దగా వచ్చిపడును. అసలు చిక్కు ఇచ్చట నున్నది. చెన్నపట్టణమున ఇల్లు అద్దెకు తీసికొనువాడు పది నెలల అద్దె అడ్వాన్సుగా చెల్లించుట చిరకాలపు వాడుక. నెలకు ఇరువదివేల అద్దె యనుకొన్నను, రెండు లక్షలు ఒక్కనాడు కావలెను. ఇల్లు మాఱిన, పాత యజమాని సొమ్ము తిరిగి యిచ్చులోపల క్రొత్త యజమానికి చెల్లింపవలెను. 2017లో చేసి 2019 ఫిబ్రవరి నుండి అమలుపఱచిన తమిళనాడు అద్దె చట్టము మూడు నెలల అద్దెయే హద్దని చెప్పినది. కాని ‘వేఱు ఒడంబడిక లేనిచో’ అను మాట చేర్చి, ఆ హద్దునకు తానే వాకిలి తెఱచినది. జూను నెలలో పాఠశాల రుసుము, ఆసుపత్రిలో చేరునపుడు ముందుగా కట్టు సొమ్ము ఇట్టివే. బ్యాంకులు సైతము నగలపై తక్కువ వడ్డీకే అప్పిచ్చుచున్నవి. కాని నగలు పరీక్షించువాడు వచ్చు వేళ వఱకు కాచియుండి, ఒక పూట సెలవు పెట్టి, సంతకములు చేయు ఓపిక ఆసుపత్రి వాకిట నిలిచినవాని కుండదు.

సహకార సంఘములలో ఐదు కాసులకు లోబడిన నగల అప్పులను అర్హులకు రద్దుచేయ 2021లో తమిళనాడు ప్రభుత్వము నిశ్చయించెను. సందు మలుపున కుదువబెట్టినవారికి అందువలన ఒక్క పైసయు రాలేదు.

మన తెలుగు వకీళ్లు, వైద్యులు, ఉద్యోగులు ఇదంతయు బీదలమాట యని తలంచునేమో. ఆ దుకాణముల పెట్టెలలోని నగలు ఎవరివని మేము ప్రశ్నింతుము. స్త్రీధనము భార్య స్వంత ఆస్తి యనియు, భర్తకు దానిపై హక్కు లేదనియు 1985లో ప్రతిభారాణి వ్యాజ్యెమున సుప్రీముకోర్టు స్పష్టపఱచినది. ఇంటి అడ్వాన్సు పత్రము భర్త పేర. కుమారుని రుసుము రసీదు భర్త పేర. తాకట్టు చీటీయు, నగ తీసికొనిపోయినవాడు అతడే గావున, అతని పేరనే. సొమ్ము మాత్రము ఆమెది. విడిపింపక వేలమునకు పోయిన నగను గూర్చి ఆమెను అడిగినవారెవరు? చదువుకొన్నవారి యిండ్లలో ఇది జరుగదని చెప్పగల ధైర్యము మాకు లేదు.

ఇటలీలోని పెరూజియా పట్టణమున 1462లోనే ఫ్రాన్సిస్కను సన్న్యాసులు బీదలకై తాకట్టు నిధిని నెలకొల్పిరి. పారిసున 1637లో ఆరంభమై, ఆగిపోయి, 1777లో మఱల తెఱవబడిన అట్టి సంస్థ నేటికిని ఆ నగరపు యాజమాన్యమున పనిచేయుచున్నది. 1688 నుండి యున్న మన నగరపాలక సంస్థ ఒక్క పేటలోనైన నిట్టి ప్రయత్నము చేసిన మంచిదే. కాని అంతకు ముందు సులభసాధ్యములైన పనులు కలవు. అద్దె చట్టమునుండి ఆ ‘ఒడంబడిక’ మాటను తొలగింపవలెను. తాకట్టు చీటీపై నగ సొంతదారు పేరును, సంతకమును ఉండవలెను. పాఠశాల రుసుమును వాయిదాలలో పుచ్చుకొనువారు లేకపోలేదు; మిగిలినవారిచేత నట్లు చేయించుటకు శాసనము సైతము అక్కఱలేదు, తల్లిదండ్రులు కూడి అడిగిన చాలును. అడుగుటకు జూను వఱకు ఆగవలదు, ఏప్రిలునందే అడుగవలెను.