వారంటీ అయిపోతే మన హక్కు కూడా అయిపోయినట్లేనా?

"వారంటీ అయిపోయింది, మేమేం చేయలేం." ఈ మాట మనం బోరు మోటారు కాడ విన్నాం, స్టార్టరు కాడ విన్నాం. ఇప్పుడు ఫోను కాడ వింటున్నాం. పన్నెండు వేలు, పదిహేను వేలు పెట్టి కొన్న ఫోను పద్నాలుగో నెలలో తెర నల్లబడుతుంది. సర్వీసు సెంటరుకు పోతే కొన్న ధరలో సగం అడుగుతారు, లేకుంటే కొత్తది కొనుక్కోమంటారు.

ఫోను రైతుకు షోకు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పీఎం కిసాన్ ఈ-కేవైసీ ఓటీపీ దానికే వస్తుంది. 2025లో సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు బుక్ చేసుకొమ్మన్నారు. సర్కారే ఫోనును నాగలి పక్కన పెట్టింది. మరి అది చెడిపోతే బాధ్యత ఎవరిది?

వారంటీ అంటే కంపెనీ తన ఇష్టంతో రాసిచ్చిన మాట. చట్టం ఇచ్చిన హక్కు వేరు. దుకాణం పెట్టి అమ్మేవాడు అమ్మదగిన నాణ్యత గల సరుకే అమ్మాలని 1930 నాటి వస్తువుల విక్రయ చట్టమే చెప్పింది. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, లోపం అంటే ఏమిటో చెప్పిన చోట వారంటీ తేదీ దగ్గర గీత గీయలేదు. ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేండ్ల గడువిచ్చింది.

అట్లాగని ప్రతి కేసూ గెలుస్తామని కాదు. నీళ్లల్ల పడ్డ ఫోను, ట్రాక్టరు కింద నలిగిన ఫోను పట్టుకుపోతే ఎవరూ వినరు. లోపం తయారీలోనే ఉందని చూపాలి. వారంటీలో ఉండగానే ఒకసారి రిపేరుకిచ్చి, అదే జబ్బు మళ్లీ వస్తే మన కేసు గట్టిది. అందుకే సర్వీసు సెంటరువాళ్లు ఇచ్చే జాబ్ షీటు బిల్లుతో సమానం. వాళ్లు నోటితో చెప్పి పంపితే కదలొద్దు, రాసిమ్మని అడగాలి.

గట్టిగా అడిగితే కంపెనీలు దిగివస్తాయి. అప్‌డేటు చేయగానే తెర మీద పచ్చగీత పడుతోందని దేశమంతా గోల లేచింది. 2024లో శాంసంగ్ కొన్ని మోడళ్లకు, వారంటీ దాటినా, ఒకసారి ఉచితంగా తెర మార్చింది. వన్‌ప్లస్ ఆ పచ్చగీతకు జీవితకాల వారంటీ ప్రకటించింది. అవన్నీ ఖరీదైన ఫోన్లు, కొన్నోళ్లు పట్నపోళ్లు. మన అగ్గువ ఫోన్ల గురించి గోల చేసేదెవరు?

రైతు వినియోగదారుడే కాడని వాదించే రోజులూ చూశాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు నాసిరకం విత్తనాలతో నష్టపోయి కేసు వేస్తే, వ్యవసాయం వ్యాపారమని, వినియోగదారుల ఫోరానికి రాకూడదని నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ సుప్రీంకోర్టు దాకా పోయింది. 2012 జనవరిలో కోర్టు ఆ వాదన కొట్టేసింది. కొన్న గింజలన్నీ విత్తేసిన రైతు పరీక్షకు నమూనా దాచిపెట్టాలనడం కుదరదన్నది. ఆ తీర్పు విత్తనాల మీద వచ్చిందే. అయినా బతుకుదెరువు కోసం సొంతంగా వాడుకునే మోటారుకైనా, ఫోనుకైనా అదే చట్టం.

2022లో కేంద్రం 'రిపేరు హక్కు' మీద కమిటీ వేసింది. సేద్యపు పరికరాలు, మొబైల్ ఫోన్లు రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. పోర్టల్ తెరిచారు గాని, విడిభాగాలు ఇవ్వకపోతే శిక్ష వేసే చట్టం రాలేదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లోనే ట్రాక్టర్ల కోసం అలాంటి చట్టం చేసింది. కంపెనీలు రిపేరు వివరాలు, పనిముట్లు రైతుకు ఇవ్వాల్సిందే. మన దగ్గర అది ఎందుకు రాదు? ఈ డిమాండును సంఘం ఎత్తుకోవాలి.

కందకుర్తి బ్రిడ్జి దాటి ధర్మాబాద్‌లో కొన్నవాళ్లు మనలో చాలామంది. మహారాష్ట్రకు తిరగాల్సిన పని లేదు, మనం ఉండే చోట, అంటే నిజామాబాద్ జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ముందుగా 1915కు ఫోన్ చేయండి, తర్వాత కంపెనీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. నోటీసు రాయడం రాకపోతే బిల్లు, జాబ్ షీటు పట్టుకుని సంఘం ఆఫీసుకు రండి. కూర్చొని రాసిస్తాం.